సన్యాసి పీతల పురుషాంగం పొడవు: శంఖం పోతుందనే భయమేనా కారణం?

కడలితీరం: విశాఖ టెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద శంఖాలు మోసుకు తిరిగే సన్యాసి పీతలను చాలామంది చూసే ఉంటారు. వాటి గురించి మార్క్ లైడర్ అనే అమెరికా శాస్త్రవేత్త 2019లో ఒక వాదం ప్రచురించారు. 9 జాతులకు చెందిన 328 నమూనాలను కొలిచారట. శంఖం ఎంత విలువైనదై, ఎంత సులువుగా తోటి దొంగ పీతల పాలయ్యేదైతే, ఒంటి పరిమాణంతో పోలిస్తే మగ పీత అవయవం అంత పెద్దదిగా ఉందట. పెద్దయ్యాక శంఖమే మోయని కొబ్బరి పీతకు అన్నిటికంటే చిన్నది. శంఖం వదలకుండానే ఆడపీతను అందుకోవడానికి ఈ పొడవు పనికొస్తుందని ఆయన వివరణ. నాకు నమ్మదగినదిగానే ఉంది.

జువాలజీ విద్యార్థిని: నేను ఒప్పుకోలేను. ముందు నిర్మాణం చూడండి. మనం కూర వండుకునే మండపీతలో మగదానికి పొట్ట కింది రెండు జతల ఉపాంగాలు గట్టిపడి, వీర్యం అందించే కడ్డీల్లా పనిచేస్తాయి. సన్యాసి పీతది వేరే ఏర్పాటు. వృషణాలు మెలి తిరిగిన మెత్తటి పొట్టలో ఉంటాయి. అక్కడి నుంచి వచ్చే శుక్రనాళాలు చివరి జత కాళ్ళ మొదట్లో బయటికి తెరుచుకుంటాయి. కొన్ని జాతుల్లో ఆ నాళమే రంధ్రం దాటి గొట్టంలా బయటికి సాగుతుంది. ఇలాంటి గొట్టాలు పాగ్యురిడే కుటుంబానికి చెందిన సముద్ర పీతల్లో కూడా విరివిగా ఉన్నాయి. కొన్నిటికి ఒక పక్కే ఉంటుంది, కొన్నిటికి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఆ పీతలేవీ శంఖాన్ని లోపల తొలిచి విలువ పెంచుకునేవి కావు. మరి వాటికి గొట్టం ఎందుకు వచ్చినట్టు?

భీమిలి మాస్టారు: తొలవకపోయినా దొంగతనం ఉందమ్మా. శంఖాన్ని పీత తయారు చేసుకోలేదు, నత్త వదిలినదే దిక్కు. అందుకే సముద్రంలోనూ అవి ఒకదానిదొకటి లాక్కుంటాయి. నేల మీద పీతల కష్టం ఇంకా ఎక్కువ. అవి శంఖం లోపలి నడిమి స్తంభాన్ని అరగదీసి ఇల్లు విశాలం చేసుకుంటాయి, బరువు తగ్గించుకుంటాయి. కానీ పొట్ట చివర పట్టుకుని వేలాడటానికి ఆధారమైనదీ ఆ స్తంభమే. అది పోయాక మరో పీత లాగితే ఊడి వచ్చేయడం తేలిక. పొట్ట మెత్తనైన జీవికి ఇల్లు పోవడమంటే ప్రాణం పోవడమే. ఇంత ఒత్తిడి ఉన్నచోట అవయవం మారకుండా ఉంటుందా?

జువాలజీ విద్యార్థిని: మాస్టారూ, ఒత్తిడి ఉందన్నది నిజం. దాని ఫలితం ఈ అవయవమేనని తేలాలంటే ఇంకో కారణాన్ని కొట్టిపారేయగలగాలి. తొలిచిన శంఖాలు వాడేవన్నీ నేల మీద బతికే పీతలే. వాటికి శంఖం నీటిని పట్టి ఉంచే పాత్ర కూడా. బయటికి వస్తే పొట్ట ఆరిపోతుంది. ఆరిపోతామనే భయంతో శంఖం వదలకపోయినా కొలతలు ఇలాగే వస్తాయి. అసలు మనల్ని బోల్తా కొట్టించేది కొబ్బరి పీత. దానికి శంఖం లేదు కాబట్టి దొంగ భయం లేదంటారు మీరు. దాని పొట్ట పైభాగం గట్టిపడింది కాబట్టి ఆరిపోయే భయమూ తక్కువే అంటాను నేను. ఒకే సాక్ష్యం ఇద్దరి పక్షానా నిలబడుతోంది.

కడలితీరం: అయితే ఎలా తేల్చాలంటారు?

జువాలజీ విద్యార్థిని: చనిపోయిన నమూనాల కొలతతో తేలదు. శంఖం తొలిచే ఒకే జాతిని తీసుకుని, తేమ ఉన్న చోటా ఎండిపోయే చోటా జతకట్టే పీతలను గమనించాలి. ఆ సమయంలో ఎన్ని మగవి శంఖం పోగొట్టుకున్నాయో లెక్క కావాలి. పొట్టి గొట్టం ఉన్నవే ఎక్కువగా పోగొట్టుకుంటే, అదీ తేమ ఉన్న చోట కూడా, అప్పుడు నేను మాస్టారి పక్షం.

భీమిలి మాస్టారు: ఆ పరీక్ష న్యాయమైనదే. గుంపులు గుంపులుగా తిరిగే చోట చెయ్యండి, ఒంటరి జంటల దగ్గర కాదు. దొంగలు చేరేది అక్కడే.