అంటార్కిటికా ఐసోపాడ్: 300 మీటర్లదీ 3000 మీటర్లదీ ఒకే జాతేనా?

వేళచ్చేరి_వెంకట్: అంటార్కిటికా ఐసోపాడ్ల (రొయ్యలు, పీతల బంధువులైన చిన్న జీవాలు) జాబితాల్లో ఒక్క జాతి పేరుకే 250 నుంచి 3000 మీటర్ల లోతు రాస్తారు. నాకేం వింతగా లేదు. మన మెరీనా దగ్గర పైన 28 డిగ్రీలు, బంగాళాఖాతం అడుగున ఒకటి రెండు. జీవాలు కిందికి దిగాలంటే ఆ తేడాయే గోడ. అంటార్కిటికాలో ఖండతీరపు అంచు మీద మైనస్ 1.9 దాకా, అగాధంలో సున్నాకి అటూ ఇటూ. ఆ అంచు కూడా మంచు బరువుకి కుంగి 500 మీటర్ల దగ్గరుంది. గోడెక్కడ?

అడయార్_సుధ: వాటిని పట్టిన స్లెడ్జ్‌కి, అదే సముద్రపు నేల మీద ఈడ్చే వలబండికి, మూత ఉందా?

వేళచ్చేరి_వెంకట్: ఐసోపాడ్ నేల మీద పాకేది కదండీ, మూతతో పనేంటి?

అడయార్_సుధ: ఐసోపాడ్లలోనే మున్నాప్సిడ్లనే కుటుంబంవి ఈదుతాయి. మూత లేకపోతే పైకొచ్చే దారిలో కూడా వల వడగడుతూనే ఉంటుంది. ఇంకోటి. 3000 మీటర్లకి 4500 మీటర్ల తీగ వదిలి, ఒక నాట్ వేగంతో 10 నిమిషాలు లాగితే 300 మీటర్లే అనుకుంటారు. ఓడ ఆగి తీగ చుట్టేటప్పుడు స్లెడ్జ్ మరో 1500 మీటర్లు నేల మీదే ఈడ్చుకొస్తుంది. వాలు 5 డిగ్రీలున్నా లోతు 150 మీటర్లు మారిపోతుంది. రాసేదేమో ఒక్క అంకె!

పెరంబూర్_బాబు: మూత దగ్గరే తెల్లారేలా ఉంది.

వేళచ్చేరి_వెంకట్: 150 పోనివ్వండి, 2600 మీటర్ల పరిధి మిగిలిందిగా! కళ్లు లేని మున్నాప్సిడ్లు అంచు మీద బతుకుతున్నాయి, అగాధం నుంచి ఎక్కినవేగా. సెరోలిడ్లనే ఇంకో ఐసోపాడ్ కుటుంబంవి కిందికి దిగి కళ్లు పోగొట్టుకున్నాయి.

అడయార్_సుధ: వంశం ఎప్పుడో ఎక్కిందనడం వేరు, ఇవాళ రెండు చోట్లా ఉన్నది ఒకే జాతి అనడం వేరు. ఇవి పిల్లల్ని పొట్ట కింది సంచిలో మోస్తాయి, నీటిలో తేలిపోయే లార్వా లేదు, దూరాన ఉన్నవి కలవడం కష్టం. అంచు మీది సెరోలిడ్ సెరాటోసెరోలిస్ ట్రైలోబిటాయిడెస్సే ఒక్క జాతి కాదని 2003లో డీఎన్ఏ తేల్చింది.

వేళచ్చేరి_వెంకట్: అదీ సంగతి! మీ పేచీ లోతుతో కాదు. ఫార్మలిన్ సీసాల్లో, మైక్రోస్కోపు కింద పెట్టిన పేర్లన్నీ చెల్లవంటారు.

అడయార్_సుధ: చెల్లవనలేదు. ప్రతి లోతునీ దాని స్టేషన్ (నమూనా తీసిన చోటు) కిందే ఉంచండి, కలిపి పరిధి గీయకండి. కొత్త నమూనాల్ని మైనస్ 20కి చల్లార్చిన 96 శాతం ఇథనాల్‌లో 48 గంటలు ఉంచి, తర్వాతే ఏరండి. డీఎన్ఏకి ఒక్క కాలు చాలు.

వేళచ్చేరి_వెంకట్: సగం కాళ్లు వలలోనే ఊడిపోతాయి సుధ గారూ. ఉన్నది ఒక్క మగదైతే, మైక్రోస్కోపు కింద చూడాల్సిన ఆ మిగిలిన కాలు కూడా మీకేనా?

పెరంబూర్_బాబు: ఇంతకీ ఆ స్లెడ్జ్‌కి మూత ఉందా లేదా?