వైజాగ్ టీయూ-142 మ్యూజియం: పిల్లాడికి లోపల ఏం చూపించాలి?

హన్మకొండవాసి:
దసరా సెలవులకు వైజాగ్ వస్తున్నాం. మా వాడు ఆరో తరగతి, విమానాల పిచ్చి. బీచ్ రోడ్డులో పెట్టిన టీయూ-142 చూపించమని ప్రాణం తీస్తున్నాడు. అది బాగా పెద్ద విమానం అన్న సంగతి తప్ప నాకింకేం తెలియదు. బయట ఫొటోలు దిగి వచ్చేయడమేనా, చూడదగ్గవి ఇంకేమైనా ఉన్నాయా? ఎదురుగా సబ్‌మెరైన్ కూడా ఉందట. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. రెండూ ఒకే సాయంత్రంలో అవుతాయా?

పాత మెకానిక్:
నేను ఆ విమానాల మీదే పనిచేసి రిటైరైనవాణ్ణండీ. కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

మీ వాణ్ణి ముందు ఇంజన్ల దగ్గరికి తీసుకెళ్ళి బ్లేడ్లు లెక్కపెట్టమనండి. 32 రావాలి. ఇంజన్లు నాలుగు. ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఒక్కో ప్రొపెల్లర్‌కి నాలుగు బ్లేడ్లు. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది దానికి ఎదురు తిరుగుతుంది. ఒక్కో ఇంజను దాదాపు 15,000 హార్స్‌పవర్. అంత బలాన్ని ఒకే ప్రొపెల్లర్ మీద పెడితే దాన్ని ఇంకా చాలా పెద్దది చెయ్యాలి, అప్పుడు నేలకు తగులుతుంది. వేగంగా ఎగిరేటప్పుడు ఆ బ్లేడ్ల కొనలు ధ్వని వేగం దాకా వెళ్తాయి. స్టార్ట్ చేస్తే మోత పక్కటెముకల దాకా వచ్చేది. నాకు ఎడమ చెవి ఇప్పటికీ మందమే. మా ఆవిడ మాత్రం అదంతా నటన అంటుంది.

తర్వాత ఎగ్జిబిషన్ హాల్లో సోనోబోయ్‌లు చూడండి. జనం అవేవో గొట్టాలనుకుని దాటిపోతారు. సముద్రం కింద సబ్‌మెరైన్లను వెతకడమే ఈ విమానం పని, అదంతా వాటితోనే. పైనుంచి వదిలితే పారాచూట్‌తో దిగుతాయి. నీళ్ళలో పడగానే ఏరియల్ పైకి, మైకు తీగతో లోతుకి వెళ్తాయి. కింద సబ్‌మెరైన్ చప్పుడు వినబడితే విమానానికి రేడియోలో చెప్తాయి. ఒక్కటి సరిపోదు, వరసగా కొన్ని వెయ్యాలి. బ్యాటరీ అయిపోతే వాటంతటవే మునిగిపోతాయి.

1988లో సోవియట్ యూనియన్ నుంచి ఈ విమానాలు ఎనిమిది వచ్చాయి. ముందు గోవాలో, 1992 నుంచి తమిళనాడు అరక్కోణంలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాళిలో ఉండేవి. 29 ఏళ్ళలో సుమారు 30,000 గంటలు ఎగిరాయి, ఒక్క ప్రమాదం లేకుండా. 2017 మార్చి 29న వీడ్కోలు చెప్పారు. మీరు చూడబోయేది ఆ తర్వాత వైజాగ్ దాకా స్వయంగా ఎగిరి వచ్చిందే. విడగొట్టి బీచ్ రోడ్డుకి తెచ్చి మళ్ళీ బిగించారు. అదే ఏడు డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించారు.

నా బాధల్లా ఉప్పుగాలి. మా దగ్గర సముద్రం మీద కిందగా ఎగిరి వచ్చాక మంచినీళ్ళతో కడిగేవాళ్ళం. ఇక్కడేమో రాత్రీ పగలూ అదే గాలి. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అది దుమ్ము కాదు, ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తోందని అర్థం. పెయింట్ వేసి చేతులు దులుపుకుంటే ఆగదు.

పెదవాల్తేరు పిల్ల:
అంకుల్ చెప్పాక నేనేం చెప్తాను! పనికొచ్చేవి రెండు ముక్కలు. సోమవారం రాకండి, సబ్‌మెరైన్ మూసి ఉంటుంది. ఆ సబ్‌మెరైన్ పేరు కురుసుర, 91 మీటర్ల పొడవు, లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. అమ్మగారికి వద్దే వద్దు, బీచ్ గోడ మీద కూర్చోబెట్టి మురీ మిక్చర్ కొనివ్వండి. రెండూ రోడ్డుకి అటూ ఇటూనే, ఒక సాయంత్రం చాలు. ఆదివారం మాత్రం జనం ఎక్కువ.

గోవా తెలుగోడు:
రకరకాల విమానాలు కావాలంటే మా వైపు రావాలి. దబోలిం ఎయిర్‌పోర్ట్ దగ్గర నేవీ ఏవియేషన్ మ్యూజియం ఉంది. 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ మీంచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడి చేసిన సీ హాక్ రకం విమానం, ఆలిజే, మూడు తోకల సూపర్ కాన్‌స్టెలేషన్ అన్నీ ఒకేచోట. కాకపోతే వైజాగ్‌ది సైజులో కొట్టేస్తుంది, ఒప్పుకుంటా.

హన్మకొండవాసి:
అందరికీ థ్యాంక్స్. మా వాడి ప్రశ్న ఒకటి. ఎదురెదురుగా పెట్టారు కదా, నిజంగా సముద్రంలో అయితే ఆ విమానం కురుసురను పట్టేసేదా?

పాత మెకానిక్:
మంచి ప్రశ్న! కురుసుర డీజిల్ బండి. నీళ్ళ కింద బ్యాటరీ మీద నడుస్తుంది. అప్పుడు చప్పుడు తక్కువ, పట్టుకోవడం చాలా కష్టం. కానీ బ్యాటరీ ఎప్పటికైనా చార్జ్ చేసుకోవాలి కదా, అందుకు గాలి గొట్టం పైకి పెట్టి డీజిల్ ఇంజన్లు వెయ్యాల్సిందే. అప్పుడు ఆ గొట్టం మా రాడార్‌కి, ఇంజన్ల మోత సోనోబోయ్‌లకి దొరకొచ్చు. అందుకే మా విమానంవాళ్ళు గంటల తరబడి అక్కడక్కడే తిరిగేవాళ్ళు, సబ్‌మెరైన్ బ్యాటరీ అయిపోయేదాకా ఓపిక పట్టి. కురుసుర లోపల గైడ్లు నేవీలో చేసి రిటైరైనవాళ్ళే. చార్జింగ్ అప్పుడు ఎంత టెన్షన్ ఉండేదో వాళ్ళనే అడగమనండి.