ఉత్తరాల పెట్టె మీద ఒక్క పేరే ఉంది: స్నేహితురాలితో మాగ్డెబర్గ్‌లో మొదటి రోజులు

ప్రశ్న: తెనాలి నుంచి మాగ్డెబర్గ్ వచ్చిన విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేనూ నా స్నేహితురాలూ ఇంటర్మీడియట్ నుంచి కలిసి చదువుకున్నాం. బీటెక్ నాలుగేళ్లూ గుంటూరు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. ఈ శీతాకాలపు సెమిస్టరుకు ఇద్దరికీ జర్మనీలోని మాగ్డెబర్గ్ విశ్వవిద్యాలయంలోనే సీటు రావడంతో, ఇక్కడ కూడా ఒకే ఇంట్లో ఉండాలని బయలుదేరక ముందే నిర్ణయించుకున్నాం. ఆమె వీసా ఆలస్యమైనందువల్ల నేను పన్నెండు రోజులు ముందుగా వచ్చాను. ఖాళీ చేసి వెళ్తున్న ఒక సీనియర్ ద్వారా గది, వంటగది ఉన్న చిన్న ఇల్లు దొరికింది. అప్పటికి ఆమె ఇంకా రాలేదు కనుక అద్దె ఒప్పందం నా పేరు మీద మాత్రమే రాశారు.

నాకు అన్‌మెల్డుంగ్, అంటే నగర కార్యాలయంలో చిరునామా నమోదు, పూర్తయింది. ఆ కాగితం చూపించాక బ్యాంకు ఖాతా తెరిచారు, బ్లాక్డ్ అకౌంటు, అంటే వీసా కోసం ముందే మన డబ్బు వేసి ఉంచి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతా, నుంచి నెలకు రావలసిన 992 యూరోలలో మొదటి విడత కూడా అందింది. ఆమె వచ్చి పది రోజులైనా వీటిలో ఒక్కటీ కాలేదు. ప్రస్తుతం ఇంటి ఖర్చంతా నేనే పెడుతున్నాను, అది నాకు ఏమాత్రం భారం కాదు. నన్ను బాధిస్తున్నది వేరు. హాస్టల్లో నా పళ్లెంలోంచి అడగకుండా తీసుకుని తిన్న మనిషి ఇప్పుడు పొయ్యి వెలిగించే ముందు నన్ను అడుగుతోంది. అన్నం పెట్టుకోమంటే ఆకలి లేదంటోంది. నేను కొన్న పాల ప్యాకెట్టు ధర దగ్గర నుంచి ప్రతి యూరో ఒక పుస్తకంలో రాసి పెడుతోంది. ఆ పుస్తకం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదేళ్ల స్నేహంలో మా మధ్య లెక్కలు ఎన్నడూ లేవు. నేను ఎక్కడ పొరపాటు చేశాను? ఇలాంటి దశను దాటినవారు దయచేసి చెప్పండి.

సమాధానం: 2017 నుంచి జర్మనీలో, ప్రస్తుతం లైప్‌జిగ్‌లో ఉన్న అక్క

అమ్మా, మీరు పొరపాటు చేశారని నేను అనుకోను. కానీ మీరు రాసిన దానిలో ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను: ఒప్పందం మీ పేరు మీద మాత్రమే ఉంది. మన ఊళ్లో అద్దె కాగితం ఎవరి పేరు మీద ఉందో ఇంట్లో ఉండే స్నేహితులెవరూ పట్టించుకోరు. ఈ దేశంలో ఆ కాగితం నుంచే మిగిలిన కాగితాలన్నీ పుడతాయి. ఇంటి యజమాని ఇచ్చే ధ్రువీకరణ పత్రం లేనిదే చిరునామా నమోదు కాదు. నమోదు కానిదే చాలా బ్యాంకులు ఖాతా తెరవవు, పన్ను గుర్తింపు సంఖ్య రాదు, నివాస అనుమతికి దరఖాస్తు ముందుకు సాగదు. మీ స్నేహితురాలు తన సొంత డబ్బు తన పేరునే ఉన్నా దాన్ని ముట్టుకోలేని స్థితిలో ఉంది. ఆమెది కోపమో, మీకు దూరం కావడమో కాదని నాకనిపిస్తోంది. ఆ ఇంట్లో ఆమె అతిథిగా ఉంది, అది ఆమెకు తెలుసు.

కాబట్టి మాటలతో ఓదార్చడం కంటే ముందు కాగితం పని చూడండి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నమోదు చేసుకోవాలన్నది ఇక్కడి చట్టం, ఆమెకు నాలుగు రోజులే మిగిలాయి. ఇంటి యజమానికి ఈరోజే ఉత్తరం రాసి, ఆమె మీతో ఉండటానికి రాతపూర్వకంగా అనుమతి కోరండి. అనుమతి వస్తే ఆమెను ఉపఅద్దెదారుగా, అంటే మీ దగ్గర అద్దెకు ఉండే వ్యక్తిగా, పెట్టుకోవచ్చు. అప్పుడు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే ఆ ధ్రువీకరణ పత్రం మీద ఇల్లు ఇచ్చిన వ్యక్తిగా మీరే సంతకం చేయవచ్చు. కార్యాలయంలో ఈ వారం అపాయింట్‌మెంటు దొరకకపోతే దొరికిన మొదటి తేదీని తీసుకుని, ఆ నిర్ధారణను ఆమె దగ్గర భద్రంగా ఉంచుకోమనండి. తెలిసినవారి చిరునామాలో పేరు రాయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. నివసించని ఇంట్లో నమోదు చేయించుకోవడం చట్టవిరుద్ధం, సాయం చేసినవారికి కూడా జరిమానా పడుతుంది.

ఇంకొక పని ఈ సాయంత్రమే చేయగలరు. ఇక్కడ ఉత్తరాలు బట్వాడా చేసేవారు ఇంటి నంబరుతో పాటు పెట్టె మీద ఉన్న పేరు చూస్తారు, పేరు లేకపోతే ఉత్తరం పంపినవారికే తిరిగి వెళ్లిపోతుంది. బ్యాంకు కార్డు ఒక కవరులో, దాని రహస్య సంఖ్య మరొక కవరులో, ఆరోగ్య బీమా కార్డు ఇంకొక కవరులో వస్తాయి. అనుమతి వచ్చేదాకా ఆగకుండా, పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరుతో ఆమె పేరును మీ పేరు పక్కన అతికించండి. మన ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించి రాసే అలవాటు ఇక్కడ పనికిరాదు, పూర్తిగా రాయాలి.

సమాధానం: 2022లో హైదరాబాద్ నుంచి కెమ్నిట్స్ వచ్చినవాడిని

నేను మీ స్నేహితురాలి స్థానంలో ఉన్నవాణ్ణి. నా మిత్రుడి గదిలో ఏడు వారాలున్నాను. అతను ఒక్కరోజు కూడా నన్ను చిన్నచూపు చూడలేదు, అయినా అతను కొన్న పెరుగు డబ్బా తెరవడానికి నాకు చేయి వచ్చేది కాదు. ఆకలి లేదని నేను కూడా చాలాసార్లు అన్నాను, అది నిజం కాదు. అతని డబ్బు త్వరగా అయిపోతుందేమోనని, అయిపోతే ఇద్దరం ఏం చేస్తామోనని భయం. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మొదట అడిగేది తిన్నావా అనే కదా, ఆ అబద్ధం రోజూ చెప్పవలసి వచ్చేది.

ఆ పుస్తకాన్ని దయచేసి తప్పుగా అర్థం చేసుకోకండి. నేనూ అలాంటి లెక్క రాసుకున్నాను. తిరిగి ఇవ్వగలననే ధైర్యం ఆ అంకెల వల్లే నిలిచింది. మీరు చేయవలసింది ఒక్కటే: ఆ పుస్తకంలో మీరు కూడా రాయండి. ఆమె వంట చేసిన రోజు, ఆమె ఊరి నుంచి మోసుకొచ్చిన కందిపప్పు, కారం, ఊరగాయ, ఇవన్నీ ఆమె వైపు రాయండి. ఇరవై మూడు కిలోల పెట్టెలో తన బట్టలు తగ్గించుకుని ఇద్దరికీ సరిపడా తెచ్చిన దానికి కూడా విలువ ఉందని ఆమెకు కంటితో కనిపించాలి. నా మిత్రుడు అలా రాసిన రోజున నేను కడుపునిండా తిన్నాను.

సమాధానం: హానోవర్ నుంచి

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రేమతో తొందరపడి ఆమె పేరును అసలు ఒప్పందంలోనే చేర్పించే ముందు ఆలోచించండి. ఇద్దరూ సంతకం చేస్తే మొత్తం అద్దెకు ఇద్దరిలో ప్రతి ఒక్కరూ బాధ్యులవుతారు, ఒక్కరే ఖాళీ చేస్తానని నోటీసు ఇవ్వడం కుదరదు, ఇద్దరూ కలిసి ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్‌లు ఎవరికి ఏ ఊళ్లో వస్తాయో ఇప్పుడే తెలియదు. నేనూ నా స్నేహితుడూ ఈ సంగతి తెలియక సంతకాలు చేసి, అతనికి మ్యూనిక్‌లో అవకాశం వచ్చినప్పుడు చాలా నలిగిపోయాం. అక్క చెప్పిన ఉపఅద్దె పద్ధతే మీకు మేలు. డిపాజిట్టు మూడు నెలల మూల అద్దెకు (వేడి, నీరు వంటి ఖర్చులు కలపని అద్దెకు) మించకూడదు, దాన్ని మూడు విడతల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. మీరు కట్టిన దానిలో ఆమె వాటా ఎంతో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి.

ఆమె నమోదైన కొన్నాళ్లకు రేడియో, టీవీ రుసుము గురించి ఇద్దరికీ విడివిడిగా ఉత్తరాలు వస్తాయి. ఆ రుసుము నెలకు 18.36 యూరోలు, ఎంతమంది ఉన్నా ఒక ఇంటికి ఒక్కటే. ఒకరు కడుతుంటే రెండోవారు ఆ చెల్లింపు సంఖ్యను తిరిగి రాస్తే చాలు. దాన్ని ఆమె పేరు మీద పెట్టుకోనివ్వండి, ఇంటికి ఆమె కట్టేది కూడా ఒకటి ఉంటుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. ఆ రాత్రే పేరు అతికించాం. ఇంటి యజమాని నాలుగో రోజున అనుమతి పంపారు, నమోదు తేదీ మాత్రం వచ్చే మంగళవారానికి దొరికింది. పుస్తకంలో నేను మొదటి పంక్తిగా కందిపప్పు రాస్తే ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, చారులోకి పోపు వేస్తూ, కిటికీ తెరవమని నాతో గట్టిగా అంది. పది రోజుల్లో ఆమె నాకు ఒక పని చెప్పడం అదే మొదటిసారి.

నిన్న ఆరోగ్య బీమా సంస్థ నుంచి ఆమె పేరుతో ఉత్తరం వచ్చింది. పెట్టె తాళంచెవి మాకు ఒక్కటే ఇచ్చారు. అది ఇప్పుడు ఆమె దగ్గర ఉంది, నా ఉత్తరాలు కూడా ఆమే పైకి తెస్తోంది.