కారు బ్యాటరీలో నీళ్లు రెండు నెలలకే అడుగంటాయి: ఆర్‌ఓ నీళ్లు పోయవచ్చా, యాసిడ్ పోయాలా?

సుజాత (లక్ష్మీపురం, గుంటూరు):

నమస్కారం. మా ఇంట్లో 2012 నాటి చిన్న పెట్రోలు కారు ఉంది. వారానికి రెండుసార్లు తెనాలిలో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్లి వస్తాను. నడిపేది నేనే. బ్యాటరీ 12 వోల్టులు, 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అది పట్టే చార్జి కొలత), పైన ఆరు మూతలున్న పాత రకం. కొని రెండేళ్లు దాటింది.

మార్చి చివర్లో మెకానిక్ వచ్చి డిస్టిల్డ్ వాటర్ పోసి వెళ్లాడు. నిన్న ఉదయం తాళం తిప్పితే సెల్ఫ్ నీరసంగా మూలిగి ఆగిపోయింది. మూతలు తీసి టార్చి వేసి చూశాను. మధ్యనున్న రెండు సెల్లలో (మూతల కింది అరల్లో) ప్లేట్ల అంచులు నీళ్ల పైకి తేలి పొడిగా కనిపిస్తున్నాయి. మిగతా నాలుగింటిలో నీళ్లు కింది గీతకు కాస్త దిగువన ఉన్నాయి. ప్లస్ టెర్మినల్ మీద నీలం, తెలుపు కలిసిన చిలుము గుత్తులుగా పేరుకుంది.

పక్కింటివారు ఆర్‌ఓ నీళ్లు పోస్తే చాలన్నారు. వీధి చివరి షాపతను ద్రవం చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పెట్టి చూసి, యాసిడ్ బలం తగ్గిపోయిందని, పావు లీటరు యాసిడ్ పోయిస్తానని అన్నాడు. ఏది సరో తేలక మూతలు బిగించి ఊరుకున్నాను. ఈ పని నేనే నేర్చుకుని చేసుకోవాలని ఉంది. తెలిసినవారు చెప్పగలరా?

ప్రసాద్ (కృష్ణలంక, విజయవాడ):

నేను మూడేళ్లుగా ఆర్‌ఓ నీళ్లే పోస్తున్నానండి. మా నీళ్ల టీడీఎస్ 60. వేసవిలో ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పట్టి పోస్తుంటాను. అది ఆవిరి చల్లబడి వచ్చిన నీరే కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌తో సమానమే. ఇంతవరకు ఇబ్బంది రాలేదు. యాసిడ్ మాత్రం పోయించకండి.

వెంకటేశ్వరరావు (ఆటోనగర్, విజయవాడ):

అమ్మా, మూతలు బిగించి ఆగారే, చాలా మంచి పని చేశారు. ఆటోనగర్‌లో ఒక బ్యాటరీ చార్జింగ్ షెడ్డులో 31 ఏళ్లు పనిచేశాను. బాగుపడాల్సిన బ్యాటరీలు పైనుంచి పోసిన యాసిడ్‌తో పాడైపోవడం ఎన్నోసార్లు కళ్లారా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

బ్యాటరీలో ఉండేది గంధకామ్లం, నీళ్లు. చార్జింగ్ చివరికి వచ్చేసరికి నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బుడగలై బయటికి పోతాయి. మన ఎండలకు మరికొంత ఆవిరవుతుంది. యాసిడ్ మాత్రం లోపలే ఉంటుంది. పులుసు మరిగి చిక్కబడితే అందులో ఉప్పు ఎక్కడికీ పోదు కదా. నీళ్లు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది. అందులో మనం మళ్లీ ఉప్పు వేయం, నీళ్లే పోస్తాం. ఇదీ అంతే.

మరి హైడ్రోమీటర్ ఎందుకు తక్కువ చూపింది? బ్యాటరీ డిస్చార్జి అయ్యేటప్పుడు ద్రవంలోని యాసిడ్ ప్లేట్లలోకి వెళ్లి సీసపు సల్ఫేటుగా కూర్చుంటుంది. దాన్ని మళ్లీ ద్రవంలోకి రప్పించేది చార్జింగ్ ఒక్కటే. షాపతను చూసిన రీడింగు నిజమే కావచ్చు, చెప్పిన మందు తప్పు. ఇప్పుడు యాసిడ్ పోస్తే నాలుగు రోజులు సెల్ఫ్ హుషారుగా తిరుగుతుంది. తర్వాత చార్జి ఎక్కి, ప్లేట్లలోని యాసిడ్ కూడా బయటికి వచ్చేసరికి ద్రవం మరీ ఘాటెక్కి ప్లేట్లనూ వాటి మధ్యనున్న పొరలనూ తినేస్తుంది. బ్యాటరీ ఒరిగి ద్రవం ఒలికిపోయినప్పుడే యాసిడ్ పోయాల్సి వస్తుంది. అది కూడా ఇంట్లో చేసుకునే పని కాదు.

ప్రసాద్ గారూ, మీరు చెప్పిన నీళ్ల విషయంలో నేను ఒప్పుకోలేను. టీడీఎస్ 60 అంటే లీటరుకు సుమారు 60 మిల్లీగ్రాముల లవణాలు. తాగడానికి అది చక్కని నీరే. బ్యాటరీలో మాత్రం పోసిన ప్రతిసారీ నీళ్లు పోతాయి, లవణాలు మిగులుతాయి. మూడేళ్లుగా అవి అందులో పోగుపడుతూనే ఉన్నాయి. క్లోరైడు ప్లస్ ప్లేట్ల చట్రాన్ని తింటుంది. ఇనుము ఉంటే కారు ఊరికే నిలబడి ఉన్నా చార్జి దిగిపోతుంది. ఏసీ నీళ్లు ఆవిరి నుంచి వచ్చినవే, కాదనను. కానీ అవి రాగి గొట్టాల మీదుగా, అల్యూమినియం రేకుల మీదుగా, ఏడాది పాటు పేరుకున్న దుమ్మును కడుగుకుంటూ వస్తాయి. కాచి చల్లార్చిన బోరు నీళ్ల గురించి అడిగేవారూ ఉంటారు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ సీసా కొని, ఆ ప్లాస్టిక్ సీసాలోనే మూత బిగించి ఉంచండి. ఇనప డబ్బాలోకి వంచకండి.

ఇక పని మొదలుపెట్టే ముందు, అమ్మా, చేతికున్న గాజులు, ఉంగరాలు, గడియారం అన్నీ తీసి ఇంట్లో పెట్టి రండి. మా షెడ్డులో ఒక కుర్రవాడు ప్లస్ బోల్టు బిగిస్తున్నాడు. పానాకూ కారు బాడీకీ మధ్య అతని వేలి ఉంగరం ఇరుక్కుంది. రెప్పపాటులో ఉంగరం ఎర్రగా కాలింది. నీళ్ల తొట్టిలో చెయ్యి ముంచి ఉంగరం తీసేసరికి వేలి చుట్టూ చర్మం ఉంగరంతో పాటే వచ్చింది. పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటారు. షాక్ కొట్టదు, నిజమే. అందులోంచి ఒక్కసారిగా వందల ఆంపియర్లు దూకుతాయి. అందుకే ముందు మైనస్ తీగ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. మైనస్ విప్పేశాక పానా బాడీకి తగిలినా ఏమీ కాదు.

పాత బట్టలు కట్టుకోండి. నూలు బట్ట మీద యాసిడ్ చుక్క పడితే అప్పుడు ఏమీ కనబడదు, ఉతికి ఆరేశాక చిల్లులు తేలతాయి. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. చుక్క కంట్లో పడితే కుళాయి కింద కన్ను తెరిచి కనీసం పావుగంట కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మూతలు తీయకముందే పైభాగం శుభ్రం చేయాలి. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి, పాత పళ్ల బ్రష్షుతో చిలుము మీద రుద్దండి. బుసబుసమని పొంగి కరిగిపోతుంది. పొంగు ఆగాక మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టండి. ఈ సమయమంతా మూతలు బిగించే ఉండాలి. సోడా లోపలికి పోతే యాసిడ్‌ను చంపేస్తుంది. తీగలు మళ్లీ బిగించాక పైన వాజెలిన్ పలుచగా పూస్తే చిలుము అంత త్వరగా రాదు.

నీళ్లు రెండు విడతలుగా పోయాలి, చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ముందు ప్లేట్లు మునిగేంత వరకే పోయండి. సూది తీసేసిన పెద్ద సిరంజి దీనికి బాగుంటుంది. తర్వాత చార్జి చేయాలి. చార్జింగ్‌లో ద్రవం పొంగి మట్టం పెరుగుతుంది. ముందే పై గీత దాకా నింపేస్తే ఆ పెరిగింది మూతల్లోంచి పొర్లి, యాసిడ్ నిజంగానే బయటికి పోతుంది. చార్జింగ్ పూర్తయి, గంటా రెండు గంటలు చల్లబడ్డాక పై గీత వరకు నింపండి. గీత కనబడకపోతే ప్లేట్ల మీద చూపుడు వేలి మందం నీళ్లు ఉంటే చాలు.

35 ఏహెచ్ బ్యాటరీకి చార్జింగ్ మూడు, మూడున్నర ఆంపియర్లు దాటకూడదు. కారు బయట, గాలి ఆడేచోట పెట్టండి. బ్యాటరీ తీగలు రెండూ విప్పి ఉండాలి. చార్జర్ క్లిప్పులు పెట్టాకే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపాకే క్లిప్పులు తీయాలి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. దగ్గరలో దీపం, అగరుబత్తి ఉండకూడదు. నీళ్లు చూడటానికి అగ్గిపుల్ల గీసి ముఖం కాల్చుకున్నవారిని చూశాను. మీరు టార్చి వాడారు, సంతోషం. బ్యాటరీ డొక్క చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి.

ఇదంతా అయ్యాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. రెండు నెలల్లో ఇంత నీరు ఎందుకు పోయింది? ఒక్క సెల్లులోనే తగ్గితే అది పగిలిందనో లోపల షార్ట్ అయిందనో అనుకోవచ్చు. మీకు ఆరింటిలోనూ తగ్గింది, మధ్య రెండింటిలో మరీ తగ్గింది. మధ్య సెల్లకు గాలి తగలదు, వేడి ఎక్కువ. కారే బ్యాటరీని అతిగా చార్జి చేస్తోందని నా అనుమానం. మల్టీమీటర్ దొరికితే ఇంజను నడుస్తుండగా, లైట్లు ఆపి, టెర్మినళ్ల మధ్య వోల్టేజీ ఎంత ఉందో చూసి రాయండి.

అనిల్ (అరండల్‌పేట, గుంటూరు):

ఇంత శ్రమ ఎందుకండీ? నీళ్లు పోయనక్కరలేని సీల్డు బ్యాటరీ కొంటే సరిపోతుంది కదా. నేను మార్చి రెండేళ్లయింది, బానెట్ తెరిచి చూసిన రోజు లేదు.

వెంకటేశ్వరరావు (ఆటోనగర్, విజయవాడ):

అనిల్ గారూ, కారు చార్జింగ్ సరిగ్గా ఉంటే అది మంచి బ్యాటరీయే. చార్జింగ్ ఎక్కువగా ఉంటే దానిలోనూ నీళ్లు పోతాయి. తేడా ఏమిటంటే తిరిగి పోయడానికి మూత ఉండదు. కారణం తెలియకుండా కొత్తది పెడితే ఆ డబ్బు కూడా వేసవి దాటదు.

సుజాత (లక్ష్మీపురం, గుంటూరు):

బాబాయి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. గాజులు తీసి అమ్మవారి ఫొటో ముందున్న పళ్లెంలో పెట్టి మరీ వెళ్లాను. సోడా పొంగు చల్లారడానికే పది నిమిషాలు పట్టింది. చిలుము పోయాక చూస్తే కింద క్లిప్పు సగం తినేసి ఉంది. ప్లేట్లు మునిగేలా నీళ్లు పోసి, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఏడు వరకు మూడు ఆంపియర్ల మీద చార్జి చేశాను. ఉదయం మూత దగ్గర చెవి పెడితే అన్నం ఉడుకుతున్నట్టు సన్నటి చప్పుడు వినిపించింది. చల్లారాక మధ్య సెల్లకు ఇంకొంత, మిగతావాటికి తలా కొంచెం పోశాను. రెండు విడతలూ కలిపి నాలుగు వందల మిల్లీలీటర్లు పట్టింది.

మరునాడు కాసేపు చార్జి పెట్టి ఆపి, హైడ్రోమీటర్‌తో చూశాను. ప్లస్ వైపు నుంచి వరుసగా 1.250, 1.245, 1.210, 1.195, 1.245, 1.245. నాలుగు గంటల తర్వాత వోల్టేజీ 12.45. సెల్ఫ్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంజను నడుస్తుంటే మాత్రం 15.2 చూపిస్తోంది. రెండుసార్లు చూశాను, అంతే ఉంది.

వెంకటేశ్వరరావు (ఆటోనగర్, విజయవాడ):

మీ నీళ్లు తాగేసింది ఆ 15.2 యే, అమ్మా. అది 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇంజను నడుస్తుంటే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌లో, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడై ఉంటుంది, లేదంటే దానికి వచ్చే తీగ వదులై ఉంటుంది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి ఈ అంకె చెప్పండి. బ్యాటరీ మార్చమంటే వద్దనండి, ముందు రెగ్యులేటర్ చూడమనండి. అది బాగయ్యేదాకా తెనాలి ప్రయాణం మానుకుంటే మేలు. ఎక్కువ వోల్టేజీ బల్బులకూ మంచిది కాదు.

అంకెలు మీరు చక్కగా వరుసలో రాశారు. మా షెడ్డులో కుర్రవాళ్లకు ఈ అలవాటు చేయించడానికి నాకు ఏడాది పట్టేది. హైడ్రోమీటర్ రీడింగు 27 డిగ్రీల లెక్కన చూడాలి. ద్రవం అంతకన్నా పది డిగ్రీలు వేడిగా ఉంటే ఏడు పాయింట్లు (అంటే 0.007) తక్కువ చూపిస్తుంది, అది కలుపుకోండి. అలా చూస్తే నాలుగు సెల్లు బాగానే ఉన్నాయి. మూడోది, నాలుగోది చూడాలి. గాలికి ఆరిపోయిన ప్లేటు భాగం గట్టిపడిపోతే మళ్లీ పూర్తిగా పనిచేయకపోవచ్చు. సెల్లకూ సెల్లకూ మధ్య 50 పాయింట్ల తేడా వస్తే మేము ఆ బ్యాటరీని పక్కన పెట్టేవాళ్లం. మీ నాలుగో సెల్లు 55 తక్కువ. ఒక అవకాశం ఇచ్చి చూద్దాం. రెగ్యులేటర్ బాగయ్యాక రెండు ఆంపియర్ల మీద ఒక పగలూ ఒక రాత్రీ నెమ్మదిగా చార్జి చేసి, మళ్లీ అదే వరుసలో చూడండి. నాలుగోది 1.220 దాటితే ఈ వేసవి గడుస్తుంది. నెలకోసారి మూతలు తీసి నీళ్లు చూస్తూ ఉండండి. దాటకపోతే మార్చక తప్పదు. అప్పుడు పాతదాన్ని కొత్తది అమ్మిన షాపుకే ఇచ్చి లెక్కలో తగ్గించుకోండి. వీధిలో తూకానికి కొనేవారికి ఇవ్వకండి. కొందరు యాసిడ్‌ను మురుగుకాలువలో పారబోసి, లోపలి సీసపు ప్లేట్లను పెరట్లోనే కరిగిస్తారు. ఆ పొగ ముందు పిల్లల ఒంట్లోకే చేరుతుంది.

సుజాత (లక్ష్మీపురం, గుంటూరు):

ఈ సాయంత్రం రెగ్యులేటర్ మార్చారు, తినేసిన క్లిప్పు కూడా మార్చారు. ఇంజను నడుస్తుంటే ఇప్పుడు 14.2. మూడు, నాలుగు మూతల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాను. చార్జర్ రెండు ఆంపియర్ల మీద ఇప్పుడే వేశాను. ఎల్లుండి అంకెలు రాస్తాను, బాబాయి గారూ.