బాడుగ ఇంట్లో, మిద్దె పైన డ్రమ్స్: ఎలక్ట్రానిక్ కిట్ కొనాలా, అకౌస్టిక్ కొనాలా?

ప్రశ్న – బైరాగిపట్టెడ నుంచి

తిరుపతిలో రెండో అంతస్తు, బాడుగ ఇల్లు. కింద ఓనరు వాళ్లు ఉంటారు. గది 10 అడుగులకు 11 అడుగులు. పిల్లవాడికి 12 ఏళ్లు, క్లాసులో ఐదు డ్రమ్ముల అకౌస్టిక్ (కరెంటు అక్కర్లేని మామూలు) సెట్ మీద నేర్పుతున్నారు. ఇంట్లో రోజూ సాయంత్రం 7 నుంచి 8 దాకా ప్రాక్టీసుకి ఒకటి కొనాలి. మూడు సందేహాలు. ఎలక్ట్రానిక్ కిట్ (ప్యాడ్ల మీద కొడితే సద్దు హెడ్‌ఫోన్లో వచ్చేది) అయితే కిందికి సద్దు నిజంగా పోదా? దాని మీద అలవాటు పడిన చెయ్యి స్టేజీ మీద అకౌస్టిక్ దగ్గర తడబడుతుందా? "ఇంత ఖర్చెందుకు, ఆక్టోప్యాడ్ కొనేయండి" అని కొందరు అంటున్నారు, ఎనిమిది ప్యాడ్లున్న ఆ ఒక్క పలక సరిపోతుందా?

జవాబు – కొర్లగుంట కిక్

మొదటిదానికి నేను చెప్తాను, అన్నా. కింద వాళ్లని ఇబ్బంది పెట్టేది కిక్ పెడల్, అంటే కాలితో పెద్ద డ్రమ్ముని (కిక్) మోగించేది. బీటర్ (పెడల్ సుత్తి) ప్యాడ్‌ని తన్నిన ప్రతిసారీ ఆ దెబ్బ స్టాండు కాళ్ల గుండా స్లాబులోకి దిగుతుంది. గాలిలో పోయే సద్దుకి తలుపూ కిటికీ కొంత అడ్డం, స్లాబులోకి దిగిన దెబ్బని అవి ఆపలేవు. పై గదిలో ఉన్నవాళ్లకి రబ్బరు మీద కర్ర తగిలిన టక్ టక్ మాత్రమే వినిపిస్తుంది. కింది హాల్లో మాత్రం ఎవరో రోకలితో దంచుతున్నట్టు ఉంటుంది. యోగా మ్యాటు, కార్పెట్ వేస్తే పైపై చప్పుడు తగ్గుతుంది, ఆ దంపుడు తగ్గదు.

దీనికి పనిచేసేది టెన్నిస్ బాల్ ప్లాట్‌ఫామ్, అంటే రెండు పలకల మధ్య టెన్నిస్ బంతులు పెట్టి, కిట్టునీ స్టూలునీ పైన వేయడం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు ముక్కలు, ఒక్కోటి 6 అడుగులకు 4 అడుగులు. రెండింట్లోనూ ఒకే కొలతలో 50 మిల్లీమీటర్ల రంధ్రాలు, 6 వరసలు, వరసకి 4, మొత్తం 24. కార్పెంటర్ దగ్గర డ్రిల్లుకి తగిలించే హోల్ సా ఉంటుంది, అరపూట పని. బంతి అడ్డకొలత 66 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి రంధ్రంలో సెంటీమీటరు పైచిలుకు మాత్రమే దిగి నిలుస్తుంది, నేలని తాకదు. పై పలక, కింది పలక మధ్య 4 సెంటీమీటర్లకి పైగా ఖాళీ మిగులుతుంది. పెడల్ కింద రెండు, స్టూలు కింద నాలుగు బంతులు అదనంగా వేయించండి, బరువంతా పడేది అక్కడే. క్రికెట్‌కి వాడే గట్టి బరువు బాల్ వద్దు, మామూలు మెత్తటి బాలే కావాలి.

చాలామంది చేసే తప్పు రెండు చోట్ల. స్టూలుని ప్లాట్‌ఫామ్ బయట వేస్తారు. అప్పుడు వాయించేవాడి అదురు స్టూలు కాళ్ల గుండా నేరుగా నేలకే పోతుంది. లేదా పలక అంచు గోడకి ఆనుతుంది. ఆ ఒక్కచోటు చాలు, దెబ్బంతా గోడలోకి పాకుతుంది. నాలుగు పక్కలా రెండంగుళాలు వదలండి. దెబ్బ ఇంకా తగ్గాలంటే విడి ప్యాడ్‌ని తన్నే బీటరు లేని పెడల్ తీసుకోవచ్చు, రోలాండ్ కేటీ-10 లాంటిది. కాలికి తగిలే బరువు మాత్రం మామూలు పెడల్ లాగా ఉండదు.

మీ ఇంటికి అకౌస్టిక్ మాట మర్చిపోండి. వాయించేవాడి చెవి దగ్గరే 100 డెసిబెల్స్ దాటుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. గోడలకి గుడ్ల ట్రేలు అతికించమని ఎవరైనా చెప్తే వినకండి. గదిలో మోగుడు కొంచెం తగ్గుతుందేమో గానీ, అంత తేలిక వస్తువు బయటికి పోయే సద్దుని ఆపలేదు.

కె.టి. రోడ్ స్నేర్

రెండో సందేహమే అసలైనది. తడబడుతుంది, కానీ కారణం తెలిస్తే సరిచేసుకోవచ్చు.

రబ్బరు ప్యాడ్ల కిట్ వద్దు. మెష్ హెడ్లు (వల లాంటి పై పొర) ఉన్నదే తీసుకోండి (1997లో రోలాండ్ టీడీ-10తో మొదలైన పద్ధతి, ఇప్పుడు చిన్న కిట్లలోనూ వస్తోంది). మెష్‌ని వదులుగా ఉంచితే కర్ర ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగురుడు చెయ్యి చేయాల్సిన పని తనే చేసేస్తుంది. అకౌస్టిక్ టామ్ (పక్కనుండే డ్రమ్ము) మీద అంత ఎగరదు, అక్కడ ఒకే చేత్తో వరసగా రెండు కొట్టే డబుల్ స్ట్రోక్‌లో రెండో దెబ్బ చచ్చిపోతుంది. అందుకని స్నేర్ (వాయించేవాడి ముందుండే ప్రధాన డ్రమ్ము) ప్యాడ్‌ని డ్రమ్ కీతో బిగించండి. ఎదురెదురు బోల్టులు, ఒక్కోసారి పావు చుట్టు, మధ్యలో వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి.

తర్వాత మాడ్యూల్, అంటే సద్దు పుట్టించే డబ్బా. కొన్న రోజు సెట్టింగుల్లో చిన్న దెబ్బకీ పెద్ద దెబ్బకీ తేడా తక్కువగా వినిపిస్తుంది, రివర్బు (గది మోగుడు లాంటిది) నిండుగా ఉంటుంది. అలా ఉంటే ఎవరు వాయించినా బాగుంటుంది, పిల్లవాడికి తన తప్పు వినపడదు. రివర్బు తీసేయండి. సెన్సిటివిటీని తగ్గించుకుంటూ రండి. బాగా గట్టిగా కొట్టినప్పుడే పూర్తి స్థాయి అందాలి. థ్రెషోల్డ్ (ఎంత దెబ్బకి మోగాలన్న హద్దు) ఎక్కువుంటే గోస్ట్ నోట్లు (చాలా మెల్లటి దెబ్బలు) మాయమవుతాయి, మరీ తక్కువుంటే పక్క ప్యాడ్ అదురుకే ఇది మోగుతుంది. అలా మోగితే క్రాస్‌టాక్ (ఆ అదురుని ఆపే సెట్టింగు) విలువ ఒక్కొక్క అంకె పెంచుతూ చూడండి. రిమ్ షాట్ (అంచుతో కలిపి కొట్టే దెబ్బ) పలకలేదని ప్యాడ్ పాడైందనుకుంటారు, చాలాసార్లు స్టీరియో తీగ స్థానంలో మోనో తీగ పెట్టి ఉంటారు.

హెడ్‌ఫోన్ తీగదే వాడాలి. బ్లూటూత్‌లో దెబ్బకీ సద్దుకీ మధ్య సెకనులో పదో వంతు, అంతకన్నా ఎక్కువే ఆలస్యం రావచ్చు. తాళం అక్కడే చెడిపోతుంది.

ఎంత సర్దినా ఇంట్లో రానిది ఒకటుంది, బ్యాలెన్స్. ఎలక్ట్రానిక్ కిట్‌లో హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) ఎక్కువైతే నాబ్ తిప్పుతాం. అకౌస్టిక్‌లో ఆ నాబ్ మణికట్టులోనే ఉంది. అక్కడ హై-హ్యాట్ అనుకున్నదానికంటే ఎప్పుడూ గట్టిగా వినిపిస్తుంది, కిక్ తక్కువగా వినిపిస్తుంది. క్లాసులో దొరికే సమయాన్ని కొత్త పాటలకి ఖర్చు పెట్టకుండా దీనికే పెట్టించండి. నిమిషానికి 70 బీట్లు, ఒకే గ్రూవ్ (తాళం నడక) పది నిమిషాలు, హై-హ్యాట్‌ని కర్ర కొనతో, స్నేర్‌ని గట్టిగా. బ్రష్‌లు కూడా అక్కడే నేర్చుకోవాలి, మెష్ మీద తీగల బ్రష్ లాగితే దెబ్బని పసిగట్టే ట్రిగ్గర్‌కి సరిగా అందదు, మెష్ కూడా చెడుతుంది.

ఇంకొకటి. క్లాసులో సెట్‌కి స్టూలు ఎత్తు, స్నేర్ ఎత్తు, అక్కణ్ణుంచి రైడ్ (పెద్ద సింబల్) దూరం టేపుతో కొలుచుకుని రండి, ఇంట్లో అవే పెట్టండి. 14 అంగుళాల స్నేర్ బదులు 8 అంగుళాల ప్యాడ్ ఉన్నా చెయ్యి దారి మారకూడదు.

చిత్తూరు ప్యాడ్స్

ఆక్టోప్యాడ్ మంచి వాయిద్యమే, దాన్ని చిన్నచూపు చూడొద్దు. పెళ్లి ఆర్కెస్ట్రాలో, చర్చి పాటల్లో ఒకే మనిషి డోలక్, తబలా, డప్పు, తుంబ అన్నీ పలికించేది దానిమీదే. కానీ అందులో కిక్ కూడా చేత్తోనే కొడతారు, కాళ్లకి పని లేదు. కిక్ ట్రిగ్గర్, హై-హ్యాట్ పెడల్ తగిలించుకోవచ్చు, అయితే ఎనిమిది ప్యాడ్లూ ఒకే పలక మీద పక్కపక్కన ఉంటాయి. చేతులు చాచి టామ్ నుంచి ఫ్లోర్ టామ్‌కి తిప్పే పని అలవడదు. డ్రమ్ సెట్ నేర్చుకునేవాడికి అది రెండో వాయిద్యం కావాలి. 

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడింది. సెకండ్ హ్యాండ్ అకౌస్టిక్ కొని మెష్ హెడ్లు, చిల్లుల సింబల్స్ (సద్దు తగ్గించిన లోహపు తాళాలు) వేసుకోవచ్చని ఒకరన్నారు. అది మేలా?

రేణిగుంట రిమ్

స్థలం, ఇండిపెండెంట్ ఇల్లు ఉంటే మేలు. మీకు కాదు. డ్రమ్ముల సద్దు పోయినా ఆ చిల్లుల సింబల్స్ చిన్నగా మోగుతూనే ఉంటాయి, కిక్ దెబ్బ స్లాబులోకి దిగుతూనే ఉంటుంది. పైగా 22 అంగుళాల కిక్‌తో 10 అడుగుల గదిలో మంచం పట్టదు.

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రానిక్ చూస్తే ఇవి పరీక్షించండి: ప్రతి ప్యాడ్‌నీ నడిమధ్యలో, అంచుల్లో మెల్లగా తట్టి ఎక్కడైనా చచ్చిన చోటు ఉందా అని, హై-హ్యాట్ పెడల్ సగం తొక్కితే సగం సద్దు వస్తుందా అని, తీగ కొసలు కదిపితే కరకర వస్తుందా అని. అడాప్టర్ అసలుదేనా చూడండి, వేరే వోల్టేజీది పెడితే మాడ్యూల్ కాలిపోవచ్చు. కొత్తదైతే చెన్నై 140 కిలోమీటర్ల లోపే, పిల్లవాణ్ని తీసుకెళ్లి కూర్చోబెట్టి వాయించి చూశాకే డబ్బు కట్టండి.

ఇదంతా కాకముందు ఒక పని చేయండి. సాయంత్రం ఏడింటికి పిల్లవాణ్ని ఆ గదిలో కుర్చీ మీద కూర్చోబెట్టి, నిమిషం పాటు మడమతో నేలని తాళంగా తట్టమనండి. మీరు కింద ఓనరు హాల్లో, టీవీ కట్టేసి, నిలబడి వినండి. అక్కడ బాగా వినిపిస్తే ప్లాట్‌ఫామ్ కిట్ కన్నా ముందే చేయించాలి.