గ్లిబ్‌సి పనుల జాబితాలో అయిపోయినవీ పాతబడినవీ ఎలా ఏరాలి?

గుంటూరు_సి:
నమస్కారమండీ. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర నెలకో శనివారం ఐదారుగురు తెలుగువాళ్లం కూర్చుని గ్నూ సి లైబ్రరీకి (గ్లిబ్‌సి, అంటే లైనక్స్‌లో చాలా ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) ఏదైనా చేద్దామనుకుంటున్నాం. కోడ్ ముట్టుకునే ముందు వికీలోని 'చేయాల్సిన పనుల' పేజీ శుభ్రం చేయాలని ఆలోచన. కొన్నిటికి బగ్ నంబరు లేదు. కొన్నిటి పక్కన ఎవరిదో పేరుంది గానీ ప్యాచ్ (కోడ్ మార్పు) ఎక్కడా కనబడలేదు. ఒక పని అయిపోయిందని ఖాయంగా ఎలా తేల్చుకోవాలి? అయిపోయినవి తీసేయొచ్చా?

హెడర్‌ఫైల్:
ముందు గిట్‌లో తాజా మాస్టర్ (అభివృద్ధి జరుగుతున్న ముఖ్య శాఖ) దించుకోండి. మీ ఉబుంటులోనో ఫెడోరాలోనో ఉన్న వెర్షన్ చూసి తేల్చొద్దు, అది మాస్టర్ కంటే వెనకే ఉంటుంది.

'ఫలానా ఫంక్షన్ చేర్చాలి' అనే అంశాలు తేల్చడం తేలిక. సోర్స్‌లోని సిస్‌డెప్స్ డైరెక్టరీ కింద ఒక్కో ఆర్కిటెక్చర్‌కీ (ప్రాసెసర్ రకానికీ) ఎబిఐలిస్ట్ ఫైలు, అంటే లైబ్రరీ బయటికి అందించే పేర్ల జాబితా, ఉంటుంది. అందులో ఫంక్షన్ పేరు వెతికితే, ఏ వెర్షన్‌లో చేరిందో అదే వరుసలో రాసి ఉంటుంది. ఉదాహరణకు స్ట్ర్‌ఎల్‌కాపీ (స్ట్రింగ్‌ని హద్దు దాటకుండా కాపీ చేసే ఫంక్షన్) పక్కన 2.38 కనబడుతుంది. ఆ అంశం అక్కడితో ముగిసినట్టే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎబిఐలిస్ట్‌లో పేరున్నంత మాత్రాన కొత్త ప్రోగ్రాములు దాన్ని వాడుకోగలవని కాదు. సిస్_ఎర్‌లిస్ట్‌ని (ఎర్రర్ సందేశాల పాత పట్టిక) 2.32లో కొత్త లింకింగ్‌కి మూసేశారు. పాత బైనరీలు నడవాలి కాబట్టి జాబితాలో దాని పేరు (సింబల్) మాత్రం అలాగే ఉంది. అందుకని హెడర్‌లో డిక్లరేషన్ ఉందా లేదా అన్నది కూడా చూడండి. ఐదు వరుసల సి ప్రోగ్రాం రాసి లింక్ చేస్తే సందేహం తీరిపోతుంది.

అసలు చిక్కు పెట్టేవి చోటు మారిన పనులు. 2021 ఆగస్టులో వచ్చిన 2.34తో అంతకుముందు విడిగా ఉన్న లిబ్‌పిథ్రెడ్ (థ్రెడ్‌లకు), లిబ్‌డిఎల్ (నడుస్తుండగా లైబ్రరీలు ఎక్కించడానికి) రెండూ ముఖ్య లైబ్రరీలో కలిసిపోయాయి. లిబ్‌పిథ్రెడ్ పేరుతో రాసిన పాత అంశాల్లో కొన్నిటికి ఇప్పుడు అర్థమే లేదు, కొన్ని మాత్రం కొత్త చోట ఇంకా మిగిలే ఉన్నాయి. పాస్‌వర్డ్ హాష్‌లు చేసే లిబ్‌క్రిప్ట్‌ని 2.39లో పూర్తిగా తీసేశారు. పాస్‌వర్డ్ హాష్‌ల గురించిన అంశాలు ఇక ఈ ప్రాజెక్టువి కావు, లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ అనే వేరే ప్రాజెక్టుకి చెందినవి. వాటిని 'అయిపోయింది' అని కొట్టేస్తే తప్పు. 'అక్కడికి మారింది' అని రాయాలి.

అనంత_బగ్:
హెడర్‌ఫైల్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. కానీ తీసేయడం విషయంలో తొందర వద్దండి. 'వద్దని నిర్ణయించాం' అనే అంశాన్ని కారణంతో సహా ఉంచాలి. స్ట్ర్‌ఎల్‌కాపీనే చూడండి. 1998లో ఓపెన్‌బిఎస్‌డి అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వచ్చింది. గ్లిబ్‌సి చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. పాజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి) ప్రమాణంలోకి వస్తోందని తేలాక 2023 ఆగస్టులో చేర్చారు. అప్పటి అభ్యంతరాలు రాసి ఉంటే చర్చ మళ్లీ మొదటినుంచి నడవదు.

ఇంకొకటి, పదేపదే వచ్చే పనిని ఈ జాబితాలో పెట్టొద్దు. లైనక్స్ కెర్నెల్ తొమ్మిది, పది వారాలకోసారి వస్తుంది. ప్రతిసారీ సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నెల్‌ని అడిగే పని) పేర్ల పట్టిక సరిచూడాలి. యూనికోడ్ పట్టికలూ అంతే. అవి ఎప్పటికీ 'అయిపోవు', జాబితా బరువెక్కుతుంది. వాటి చోటు విడుదల చెక్‌లిస్టు.

గుంటూరు_సి:
ధన్యవాదాలండీ. పేరు రాసి వదిలేసినవాటి సంగతేమిటి? పేరు మేమే కొట్టేయొచ్చా?

అనంత_బగ్:
అడగకుండా కొట్టేయొద్దు. బగ్‌జిల్లాలో (బగ్‌లు నమోదుచేసే సైటు) ఆ బగ్ కింద ఒక్క వాక్యం రాయండి: 'దీనిమీద పని నడుస్తోందా, మేం తీసుకోవచ్చా?' రెండు మూడు వారాలు చూడండి. జవాబు లేకపోతే బగ్‌ని 'అసైన్డ్' నుంచి 'న్యూ'కి మార్చి పేరు తీయండి, పాత ప్యాచ్ లింకు మాత్రం ఉంచండి. సగం పనైనా మరొకరికి అక్కరకొస్తుంది. బగ్ నంబరు లేని అంశానికి ముందు బగ్ తెరవండి, లేదా ఉన్నదాన్ని వెతికి జతచేయండి. ఏం జరిగితే అయిపోయినట్టో కూడా రాయాలి. 'మాల్లాక్ (మెమరీ కేటాయించే ఫంక్షన్) మెరుగుపరచాలి' అంటే ఎప్పటికీ తేలదు. 'ఫలానా టెస్టు పాస్ కావాలి' అంటే తేలుతుంది.

బగ్‌ని 'ఫిక్స్‌డ్' అని మూసేటప్పుడు టార్గెట్ మైల్‌స్టోన్ అనే గడిలో ఆ మార్పు మొదట వచ్చే విడుదల నంబరు తప్పక పెట్టాలి. ప్రతి విడుదల విశేషాలు రాసే న్యూస్ ఫైల్లోని సరిచేసిన బగ్‌ల పట్టికను ఒక స్క్రిప్టు ఆ మైల్‌స్టోన్ చూసే తయారుచేస్తుంది. ఖాళీగా వదిలితే మీరు సరిచేసిన బగ్ పట్టికలోకే రాదు.

కంపైల్_కర్నూలు:
కొత్తవాళ్లుంటే తెలుగు లొకేల్ ఫైలుతో (భాష, ప్రాంతాన్ని బట్టి తేదీలు, పేర్లు ఎలా చూపాలో చెప్పేది) మొదలుపెట్టించండి. లొకేల్‌డేటా కింద టిఇ_ఐఎన్ అని ఉంటుంది. సి రానవసరం లేదు, తెలుగు వస్తే చాలు. లొకేల్‌డెఫ్ కమాండ్‌తో దాన్ని కంపైల్ చేసేటప్పుడు అవుట్‌పుట్ పేరులో స్లాష్ ఉండేలా ఇవ్వండి. స్లాష్ లేకపోతే సిస్టమ్ ఆర్కైవ్‌లో రాయబోయి అనుమతి లేదంటుంది. తర్వాత లోక్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ఆ డైరెక్టరీకి చూపి డేట్ కమాండ్ నడిపితే వారం, నెల పేర్లు కనబడతాయి. తేడా అనిపిస్తే ముందు యూనికోడ్ వాళ్ల సిఎల్‌డిఆర్‌తో (భాషల సమాచార భాండారం) పోల్చండి. తప్పు అక్కడే ఉంటే అక్కడ సరిచేయించాలి.

కోడ్ పరీక్షించేవాళ్లకు: బిల్డ్ డైరెక్టరీ సోర్స్‌కి బయట ఉండాలి, లోపలైతే కాన్ఫిగర్ ఒప్పుకోదు. కాన్ఫిగర్‌కి ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే చోటు) /usr అని ఇచ్చినా సరే, 'మేక్ ఇన్‌స్టాల్' మాత్రం మీ సిస్టమ్ మీద కొట్టొద్దు. సరిపడని లైబ్రరీ పడితే ఎల్‌ఎస్ కూడా నడవదు. బిల్డ్ డైరెక్టరీలో వచ్చే టెస్ట్‌రన్ స్క్రిప్టుతో నడపండి. మొత్తం 'మేక్ చెక్' (అన్ని టెస్టులూ నడిపేది) ముందురోజు రాత్రే పెట్టేయండి, శనివారం దానికోసం కూర్చోవద్దు.

విడుదలలు ఫిబ్రవరి, ఆగస్టుల్లో. దానికి ముందు నెల, అంటే జనవరి, జూలైల్లో, కొత్త ఫంక్షన్లు చేర్చనివ్వరు. ప్యాచ్‌లు చూసేవాళ్లంతా విడుదల పనిలో ఉంటారు. జాబితా సర్దడానికి మార్చి, సెప్టెంబరు నయం. వికీలో రాయాలంటే ఎడిటర్ల బృందంలో చేర్చమని అడగాలి, బగ్‌జిల్లాలో స్థితి మార్చడానికీ అనుమతి కావాలి. ఈ రెండూ చేతికొచ్చాకే శనివారం తేదీ పెట్టుకోండి.