ఆకులు రాలే అడవిలో రాత్రి నడక: వెనకాల ఆ చప్పుడు ఏంటి, టార్చ్ ఆర్పెయ్యొచ్చా?

రాత్రి_బాటసారి

అందరికీ నమస్తే. మొన్న రాత్రి నేనూ మా చెల్లీ ఫస్ట్ టైమ్ అడవి దారిలో చీకటి పడ్డాక నడిచాం, రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. పగలైతే లెక్కలేనన్ని సార్లు తిరిగిన దారే, ఈ సీజన్లో ఎర్రాకులూ పసుపాకులూ రాలి తివాచీ పరిచినట్టు ఉంటుంది, ఫొటోల మీద ఫొటోలు తీసుకుంటాం. అదే దారి రాత్రి పూట మాత్రం ఎవరిదో వేరే ఊరిలా అనిపించింది.

మేం నడుస్తుంటే వెనకాల ఇంకెవరో నడుస్తున్నట్టు సరసరమని చప్పుడు, మేం ఆగితే ఒక్క క్షణం ఆలస్యంగా అదీ ఆగుతుంది. చెల్లి నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ గుర్తులు తెల్లారేదాకా పోలేదు. ఇంతలో చెట్ల మీంచి 'కీ...విక్' అని ఒక అరుపు, వెంటనే దూరం నుంచి ఇంకేదో 'హూ...' అని జవాబు, పై ప్రాణాలు పైనే పోయాయి. టార్చ్ అటూ ఇటూ తిప్పినకొద్దీ చెట్ల నీడలు కూడా కదిలి ఇంకా భయమేసింది.

కానీ ఇంటికొచ్చాక ఇద్దరికీ నవ్వు ఆగలేదు, నిద్రా పట్టలేదు, మళ్ళీ ఎప్పుడెళ్దాం అనే మాటే. రెగ్యులర్‌గా వెళ్ళేవాళ్ళు చెప్పండి, ఆ చప్పుడు ఏమై ఉంటుంది? టార్చ్ ఆర్పేసి నడవడం కుదిరే పనేనా?

చీకటి_కళ్ళు

కుదరడమేంటండి, అసలు మజా అక్కడే ఉంది. టార్చ్ వెలుతురు ఎక్కడిదాకా పడుతుందో అక్కడిదాకే మీ అడవి, ఆ అంచు దాటితే నల్లగోడ, భయం ఆ గోడ వెనకాల నుంచే వస్తుంది. లైట్ ఆర్పితే ఆ గోడ ఉండదు. మొదటి ఐదు నిమిషాలు ఏమీ కనపడదు, అక్కడే చాలామంది కంగారుపడి మళ్ళీ వేసేస్తారు, ఓపిక పట్టండి. కళ్ళు చీకటికి బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి, ఈలోపు ఒక్కసారి ఫోన్ స్క్రీన్ చూశారంటే మళ్ళీ మొదటికే. తప్పనిసరైతే డిమ్‌గా ఉండే ఎర్ర లైట్ వాడండి, కంట్లో చీకటి పూట పనిచేసే రాడ్ కణాలు ఎరుపుకి పెద్దగా చెదరవు.

ఇంకో కిటుకు. ఏదైనా ఆకారం కనిపిస్తే దానికేసి సూటిగా చూడకండి, కొంచెం పక్కకి చూడండి. చూపు నట్టనడుమ ఆ రాడ్ కణాలు ఉండవు, అందుకే సూటిగా చూస్తే మాయమైంది పక్కకి చూస్తే మళ్ళీ తేలుతుంది. ఒంటరిగా వెళ్ళిన మొదట్లో ఈ సంగతి తెలీక, ఒక మొద్దు కనపడ్డం, మాయమవడం, మళ్ళీ కనపడ్డం చూసి ఒళ్ళంతా చెమటలు పట్టాయి నాకు. ఇప్పుడు కారణం తెలుసు, అయినా వెంట్రుకలు నిక్కబొడుచుకుంటూనే ఉంటాయి.

రంగులు కూడా గమనించండి. పగలు మంటలా మండిన ఎర్రాకే చీకట్లో అన్నిటికంటే నల్లగా కనిపిస్తుంది, ఆకుపచ్చది దానికంటే తేటగా ఉంటుంది. దీన్ని 1819లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించాడు, ఆయన పేరే పెట్టారు దానికి. పైగా ఇప్పుడు కొమ్మలు ఖాళీ అవుతున్నాయి కదా, ఎండాకాలంలో గుయ్యారంగా ఉండే దారిలో కూడా ఈ సీజన్లో వెన్నెల నేలదాకా దిగుతుంది, ఆ కొమ్మల నీడలు నేలమీద వల పరిచినట్టు పడతాయి, దాని మీద నడవడం ఎంత బావుంటుందో మాటల్లో చెప్పలేను.

ఎండుటాకు

చప్పుడు గురించి నేను చెప్తా. ఎండుటాకుల మీద చిట్టెలుక పరిగెత్తినా కుక్క పరిగెత్తినట్టే వినిపిస్తుంది. ఎండిన ఆకు పల్చగా బిరుసుగా ఉంటుంది, ఒకటి కదిలితే పక్కనున్నవన్నీ రాసుకుంటాయి. మీరు తొక్కి వచ్చిన ఆకులు కూడా ఊరుకోవు, నలిగినవి మెల్లగా విచ్చుకుంటూ టిక్కు టిక్కు మంటాయి, మీరు ఆగిన క్షణం తర్వాత వినపడింది అదే అయ్యుంటుంది. ఈసారి ఆగి, ఊపిరి బిగబట్టి, ఒక నిమిషం వినండి. గాలి లేకపోయినా ఆకులు వాటంతటవే రాలుతుంటాయి, కాడ దగ్గర చెట్టే ఒక పొరలాగా కట్టి వదిలేస్తుంది, అది కొమ్మా కొమ్మా తగులుకుంటూ కిందికి దిగే చప్పుడు అచ్చం ఎవరో మునివేళ్ళ మీద నడిచొస్తున్నట్టే ఉంటుంది.

గాలి లేని తేట రాత్రుల్లో దూరపు చప్పుళ్ళు కూడా దగ్గరగా వినిపిస్తాయి. నేల చల్లబడి కింది గాలి చల్లగా, పైది కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి పైకి పోయే శబ్దం కిందికే వంగుతుంది.

ఇక మీరు రాసిన 'కీ-విక్', 'హూ' చూస్తే అది టానీ అనే జాతి గుడ్లగూబల జంట అయ్యుండొచ్చు. కీ-విక్ ఎక్కువగా ఆడది అంటుంది, సాగదీసే హూ మగది, ఒకే పిట్ట అరుపు అనుకుంటారు చాలామంది. ఆకురాలే కాలంలో పిల్లలు తల్లిదండ్రుల జాగా వదిలి సొంత జాగా వెతుక్కుంటాయి, పెద్దవి వాటిని రానివ్వవు, అందుకే ఇప్పుడు ఇంత గోల. ఎర్రజింకలు ఉండే అడవైతే సెప్టెంబర్, అక్టోబర్‌లో మగవి గర్జిస్తాయి కూడా, జింక గొంతు అంటే నమ్మలేరు.

నాలుగు_దారులు

భయం వేరు ప్రమాదం వేరు అండి, రెండోదాని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. గాలి గట్టిగా ఉన్న రాత్రి వెళ్ళకండి, ఎండిన కొమ్మలు చెప్పి పడవు. ఆకుల కింద వేళ్ళు, గుంతలు కనపడవు, వాన పడితే సబ్బులా జారతాయి. ఈ సీజన్లో చాలాచోట్ల వేట కూడా నడుస్తుంటుంది, ఆ అడవిలో ఉందో లేదో కనుక్కుని మెరిసే జాకెట్ వేసుకోండి. ఎలుగుబంట్లు ఉండే చోటైతే చలికాలం కోసం విపరీతంగా తినే టైమ్ ఇది, అక్కడికి రాత్రి పూట అసలు వద్దు. ఆర్పినా సరే టార్చ్ జేబులో ఉండాలి, ఇంట్లో ఎవరికైనా దారి చెప్పి వెళ్ళాలి.

పుచ్చుకట్టె

చీకటి_కళ్ళు గారు టార్చ్ వద్దంటున్నారు గానీ ఒక్కసారి దాన్ని కణత దగ్గర, కంటికి ఆనుకుని పట్టుకుని నేలకేసి చూడండి. ఆకుల మధ్య పచ్చగా నీలంగా చుక్కలు మెరుస్తాయి, మంచు బొట్లు అనుకుని దగ్గరికెళ్తే అవి సాలీళ్ళ కళ్ళు. అదయ్యాక ఆర్పెయ్యండి.

ఆర్పేసి పుచ్చిపోయిన మొద్దులు వెతకండి, తడిగా ఉండాలి. నాకు మూడేళ్ళు తిరిగితే ఒక్కసారి దొరికింది. బెరడు పట్టుకుని లాగితే ఊడొచ్చింది, లోపల చెక్క అంతా మసక ఆకుపచ్చగా వెలుగుతోంది, మంట కాదు మెరుపు కాదు, వెలుగుకి బూజు పట్టినట్టు. వేలితో నలిపితే వేలికీ అంటుకుంది. అది దెయ్యం పనేం కాదు, హనీ ఫంగస్ లాంటి కొన్ని శిలీంధ్రాల దారప్పోగులు కట్టెని తింటూ ఆక్సిజన్ వాడుకుని ఇచ్చే వెలుగు. 1775లో డేవిడ్ బుష్నెల్ కట్టిన టర్టిల్ అనే చిన్న జలాంతర్గామిలో దిక్సూచి ముల్లు కనపడ్డానికి ఇలాంటి కట్టెముక్కలే పెట్టారు. ఫోన్ కెమెరాలో సరిగ్గా పడదు, కాబట్టి ఫోన్ బయటికి తియ్యకుండా చూసుకోండి.

రాత్రి_బాటసారి

నిన్న వెళ్ళొచ్చాం. టార్చ్ ఆర్పి అరగంట ఒక మాను కింద కూర్చున్నాం. మొదట పది నిమిషాలు చెల్లి ఒక్క మాట మాట్లాడలేదు, తర్వాత తనే మెల్లగా 'దారి తెల్లగా ఉంది చూడు' అంది, నిజంగానే దారి తేలింది. ఒక ఆకు వచ్చి నా మెడ మీద పడింది, కెవ్వుమన్నాను, ఆ అరుపుకి పక్క పొదలో ఏదో గబగబా పారిపోయింది.

గుడ్లగూబని కూడా చూశాం! నెత్తి మీంచి దాటింది, ఇంత వెడల్పు రెక్కలు, రవ్వంత చప్పుడు లేదు, ఆకాశంలో చుక్కలు కాసేపు ఆరి వెలిగితేనే తెలిసింది. పుచ్చుకట్టె గారు, వెలిగే మొద్దు మాత్రం దొరకలేదు, రెండు చోట్ల బెరడు తీసి చూశాం. పౌర్ణమికి ఇంకా టైముంది, ఈలోపు బాగా చీకటి ఉన్న రాత్రి ఇంకోసారి వెతుకుతాం, చెల్లి ఇప్పటికే టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి పెట్టింది.